పుట్టుమచ్చలు, పచ్చబొట్లు, దేశం

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో మా మాస్టారు ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి పుట్టుమచ్చలు రాసుకునేవారు. రెండు కావాలి. బయటికి కనిపించే చోట ఉండాలి. మగపిల్లలు చొక్కా చేతులు పైకి లాక్కుని చూపించేసి వెళ్లిపోయేవాళ్లు. ఆడపిల్లలం మాత్రం ముందురోజు రాత్రే అమ్మచేత వెతికించుకుని, చెప్పదగ్గ చోట ఉన్నవి ఏవో, చెప్పకూడని చోట ఉన్నవి ఏవో తేల్చుకుని వచ్చేవాళ్లం. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ నా దగ్గరుంది. పిహెచ్.డి. వచ్చాక ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా నేను నేనేనని సాక్ష్యం చెప్పింది నా కుడి మోచేతి మీది మచ్చే.

తెలుగులో 'గుర్తింపు' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒక మనిషి ఫలానా అని ఆనవాలు పట్టడం గుర్తింపు. ఆ మనిషి విలువను ఒప్పుకోవడం కూడా గుర్తింపే. మొదటిది జరిగితే రెండోది కూడా జరిగినట్టేనని మనం తేలిగ్గా అనుకుంటాం. నా పరిశోధన దేశవిభజన సాహిత్యం మీద. ఆ కథల్లో ఈ రెండు గుర్తింపుల మధ్య ఎంత దూరం ఉందో నాకు పరిశోధన చేస్తున్నప్పుడు తెలియలేదు, పాఠం చెబుతున్నప్పుడు తెలిసింది.

ఎం.ఏ. తరగతిలో రాజిందర్ సింగ్ బేడీ 'లాజవంతి' చెబుతున్నాను. విభజన అల్లర్లలో ఎత్తుకుపోబడిన భార్య తిరిగొస్తే భర్త సుందర్‌లాల్ ఆమెను ఇంటికి తెచ్చుకుంటాడు, 'దేవీ' అని పిలుస్తాడు. కథ అయిపోయాక వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "అతని తప్పేముంది మేడమ్? అందరూ గెంటేస్తుంటే అతనొక్కడే కదా తెచ్చుకున్నాడు. ఒక్క మాట అనలేదు. చెయ్యెత్తలేదు. ఇంకేం కావాలి ఆమెకి?" అంది. పితృస్వామ్యం గురించి, స్త్రీని దేవతను చేయడం గురించి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది కానీ నమ్మినట్టు లేదు. నాకూ అది జవాబులా అనిపించలేదు. ఆ ప్రశ్న కోసమే ఈ కథలను మళ్లీ చదివాను.

ముందు చట్టం సంగతి చెప్పుకోవాలి. ఈ కథలు చట్టం పక్కన పెట్టి చదివితేనే పూర్తిగా అర్థమవుతాయి.

విభజన సమయంలో రెండు వైపులా స్త్రీలను ఎత్తుకుపోయారు. ప్రభుత్వ అంచనాల ప్రకారం భారతదేశంలో చిక్కుకుపోయిన ముస్లిం స్త్రీలు 50,000 మంది, పాకిస్తాన్‌లో చిక్కుకుపోయిన హిందూ, సిక్కు స్త్రీలు 33,000 మంది. ఈ స్త్రీలను వెతికి ఎవరి దేశానికి వారిని అప్పగించాలని 1947 డిసెంబర్ 6న రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. 1947 మార్చి 1 తర్వాత జరిగిన మతమార్పిడులను, పెళ్లిళ్లను గుర్తించకూడదని నిర్ణయించుకున్నాయి. 1949లో భారత ప్రభుత్వం దీనికోసం ఒక చట్టమే చేసింది. 'అపహృత' వ్యక్తి అంటే ఎవరో ఆ చట్టం నిర్వచించింది. 1947 మార్చి 1కి ముందు ముస్లిం అయి ఉండి, ఆ తర్వాత కుటుంబం నుంచి విడిపోయి, ముస్లిమేతరుల ఇంట్లో గానీ వారి అధీనంలో గానీ ఉన్న 16 ఏళ్లలోపు మగపిల్లవాడు, లేదా ఏ వయసు స్త్రీ అయినా. ఆ స్త్రీకి ఆ తేదీ తర్వాత పుట్టిన బిడ్డ కూడా.

ఈ నిర్వచనాన్ని నేను విద్యార్థులకు రెండుసార్లు చదివి వినిపిస్తాను. పదహారేళ్లు నిండిన మగవాడు ఏ దేశంలో ఉండాలో తనే నిర్ణయించుకోగలడు. ఆడది నలభై ఏళ్లదైనా, అరవై ఏళ్లదైనా నిర్ణయించుకోలేదు. ఆమె నిజంగా ఎత్తుకురాబడిందా, ఇష్టపడి వచ్చిందా అన్న ప్రశ్న ఆ నిర్వచనంలో లేదు. అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ హోదా ఉన్న పోలీసు వారెంటు లేకుండా ఇంట్లోకి వెళ్లి ఆమెను శిబిరానికి తీసుకుపోవచ్చు. ఈ తీసుకుపోవడం రాజ్యాంగం 22వ అధికరణం చెప్పే 'అరెస్టు' కిందికి రాదని 1952లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అరెస్టయిన నేరస్తుడికి ఉండే హక్కులు నేరం చేయని ఈ స్త్రీకి లేకుండా పోయాయి. చట్టసభలో ఆమె సమ్మతి మాటేమిటని అడిగిన సభ్యులున్నారు. అయినా చట్టం వచ్చింది, 1957 దాకా అమల్లో ఉంది. ఆమె ఇష్టం లేకుండా పంపకూడదని, ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వాలని రెండు దేశాలూ ఒప్పుకునేసరికి 1954 వచ్చింది. అప్పటికే చాలామందిని సరిహద్దు దాటించేశారు. మొత్తం మీద దాదాపు 30,000 మందిని ఇటూ అటూ అప్పగించారు.

ఆ పనికి పెట్టిన పేరు 'రికవరీ'. మన దినపత్రికల్లో ఈ మాట ఎక్కడ కనిపిస్తుందో మనకు తెలుసు. దొంగసొత్తు రికవరీ, బంగారం రికవరీ.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఆ పని చేసిన వాళ్లు దుర్మార్గులు కారు. మృదులా సారాభాయ్, కమలాబెన్ పటేల్, అనీస్ కిద్వాయ్ లాంటి స్త్రీలు ప్రాణాలకు తెగించి ఊళ్లు తిరిగారు. చేతులు మారి, అమ్ముడుపోయి, చీకటి గదుల్లో మగ్గుతున్న ఎందరో స్త్రీలకు వాళ్ల రాక నిజంగా విముక్తే. కానీ అదే పనిలో, వెళ్లనని ఏడ్చిన స్త్రీలను కూడా లారీ ఎక్కించారు. పాలు తాగే పిల్లలను వదిలి రావలసి వచ్చింది కొందరికి. అప్పటి చట్టప్రకారం నేరమైన గర్భస్రావాలు 'సఫాయా' పేరుతో జరిగాయి. కమలాబెన్, అనీస్ కిద్వాయ్ తమ జ్ఞాపకాల్లో ఈ సందేహాలను దాచుకోకుండా రాశారు. 1998లో వెలువడిన ఊర్వశీ బుటాలియా పుస్తకం, రీతూ మీనన్, కమలా భాసిన్‌ల పుస్తకం ఈ చరిత్రను మనముందు పెట్టాయి. అవి రాకపోతే నా తరం పరిశోధకులకు ఈ విషయం మీద అడగడానికి ప్రశ్నలు కూడా ఉండేవి కావు.

రెండు కొత్త దేశాలకు ఈ పని ఎందుకంత అత్యవసరమైంది? ఇళ్లు పోయాయి, పొలాలు పోయాయి, వాటికి నష్టపరిహారం లెక్కలు కట్టుకున్నారు. స్త్రీల విషయంలో మాత్రం లెక్క వేరు. అవతలి దేశంలో మన ఆడది ఉండిపోతే మన దేశం ఓడిపోయినట్టు. భూమి మీద గీసిన గీత ఎక్కడుందో రైతుకు కూడా సరిగ్గా తెలియని రోజుల్లో, ఎవరు మనవాళ్లు, ఎవరు వాళ్లవాళ్లు అని తేల్చడానికి స్త్రీ దేహమే సరిహద్దు రాయి అయింది. అల్లరిమూకలు ఈ సంగతి ప్రభుత్వాలకంటే ముందే కనిపెట్టాయి. అవతలి మతం స్త్రీల ఒంటి మీద తమ దేశం పేరుతో నినాదాలు పచ్చపొడిచారు. మూకలు చేసింది హింస, ప్రభుత్వం చేసింది రక్షణ. రెండూ ఒకటని నేననను. రెండూ ఆమె దేహాన్ని ఒకే రకంగా చదివాయని అంటాను.

సాదత్ హసన్ మంటో 'ఖోల్ దో' 1948లో లాహోర్ పత్రిక 'నుఖూష్'లో వచ్చింది. ప్రభుత్వం ఆ పత్రికను ఆరు నెలలు ఆపేసింది. అమృత్‌సర్ నుంచి పారిపోయి వచ్చిన ముసలి సిరాజుద్దీన్ దారిలో తప్పిపోయిన కూతురు సకీనా కోసం శిబిరంలో వెతుకుతుంటాడు. ఎనిమిదిమంది యువకులు, తనవాళ్లే, స్వచ్ఛంద సేవకులు, లారీ వేసుకుని ఆడవాళ్లను వెతికి తెస్తుంటారు. వాళ్లకు అతను ఆనవాలు చెబుతాడు. తెల్లగా ఉంటుంది, పెద్ద కళ్లు, నల్లటి జుట్టు, కుడి చెంప మీద పెద్ద పుట్టుమచ్చ.

ఆ యువకులు సకీనాను ఆ మచ్చతోనే పోల్చుకుంటారు. తిండి పెడతారు, పాలు ఇస్తారు, మీద దుపట్టా లేక ముడుచుకుపోతుంటే ఒకడు తన కోటు ఇస్తాడు. ఆ తర్వాత ఏం జరిగిందో మంటో చెప్పడు. చివర్లో శవంలా తెచ్చిన అమ్మాయి చెంప మీది పుట్టుమచ్చ చూసి తండ్రి గుర్తుపడతాడు. గాలి కోసం కిటికీ తెరవమని డాక్టరు అన్న మాటకు ఆమె ప్రాణంలేని చేతులు చేసిన పనిని చదివినవాళ్లెవరూ మరిచిపోలేరు.

ఈ కథను మతోన్మాదానికి వ్యతిరేకంగా రాసిన కథగా పాఠాలు చెబుతుంటారు. కానీ ఇందులో అవతలి మతం మనిషి ఎవరూ లేరు. సకీనాను చెరిచింది ఆమెను కాపాడటానికి బయల్దేరినవాళ్లు, ఆమె దేశంవాళ్లు. ప్రాణభయంతో పరుగెడుతూ కూడా తండ్రి వెనక్కి వంగి తీసుకున్న ఆమె దుపట్టా అతని జేబులోనే ఉండిపోతుంది. పరువు తండ్రి జేబులో భద్రంగా ఉంది, కూతురు లేదు. 'మనవాళ్ల' మధ్య ఆడవాళ్లకు భద్రత ఉంటుందన్న నమ్మకం మీదే ఆ అప్పగింతల వ్యవహారం అంతా నిలబడింది. మంటో అక్కడే వేలు పెట్టాడు. పత్రికను ఆపేసింది అశ్లీలం కోసమో, ఈ నిజం కోసమో ఎవరికి వాళ్లం ఆలోచించుకోవచ్చు.

అయితే మంటో మీద నాకొక ఫిర్యాదు ఉంది. కథ మొత్తంలో సకీనా మనకు దేహంగానే తెలుస్తుంది. చెంప మీది మచ్చ, జుట్టు, చేతులు. ఆమె మనసులోకి కథకుడు వెళ్లడు. ఆ దేహాన్ని సాక్ష్యంగా చూపించి మనల్ని వణికిస్తాడు. వణికాక, ఆమె బతికితే ఏమవుతుందన్న ప్రశ్న మనకు తట్టదు. తట్టిన రచయిత బేడీ.

'లాజవంతి'లో సుందర్‌లాల్ తన పేటలో కమిటీ పెట్టి, తిరిగొచ్చిన ఆడవాళ్లను మనసులో నిలుపుకోండని తెల్లవారుజామున పాటలు పాడుతూ ఊరేగింపులు తీస్తాడు. ఒకప్పుడు ఇదే లాజోను చావగొట్టినవాడు. ఆమె పోయాక పశ్చాత్తాపపడ్డాడు. గుడిలో రామాయణం చెప్పే బాబా, చాకలి మాటకు రాముడు సీతను విడిచిన ఘట్టం దగ్గరికి రాగానే అడ్డుతగిలి, ఇలాంటి రామరాజ్యం మాకొద్దంటాడు. చలం 'సీత అగ్నిప్రవేశం' తర్వాత, ఓల్గా 'విముక్త' కథల తర్వాత మనకు ఈ వాదన కొత్త కాదు. కానీ చలం సీత తానే మాట్లాడుతుంది. ఓల్గా కథలో అహల్య అసలు విచారణకు ఒప్పుకోవడాన్నే ప్రశ్నిస్తుంది. బేడీ కథలో సీత పక్షాన మాట్లాడేది సుందర్‌లాల్. సీత ఇంకా సరిహద్దు దగ్గరే ఉంది.

ఆ సరిహద్దు దృశ్యం కథలో చిన్నది, నా దృష్టిలో కీలకమైనది. రెండు వైపుల వాలంటీర్లూ లారీల్లో ఆడవాళ్లను మార్చుకుంటుంటే ఇటువాళ్లు గొడవ పెడతారు, మీరిచ్చినవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ ఉన్నారని. అటు వాలంటీరు లాజోను ముందుకు తెచ్చి ఈమె ముసలిదా చూడండంటాడు. గొడవ ముదిరి ఎవరి 'మాల్' వాళ్లు వెనక్కి తీసుకుపోదామనుకునే దాకా వస్తుంది. ఆ గుంపులో లాజో తన ముఖం మీది పచ్చబొట్లు ఎవరికీ కనబడకుండా కప్పుకుంటుంటుంది. ఇది చూసినవాడు వచ్చి సుందర్‌లాల్‌కు చెబుతాడు. సుందర్‌లాల్ ఆనవాళ్లు అడుగుతాడు. గడ్డం మీద ఒకటి, చెంప మీద ఒకటి, నుదుటి మీద ఒకటి. ఆమే లాజో.

చిన్నప్పుడు సరదాగా పొడిపించుకున్న పచ్చబొట్లు అవి. మా అమ్మమ్మకూ ఉండేవి, గడ్డం మీద ఒక చుక్క, ముంజేతి మీద తేలు. నగలూ నట్రా ఏవీ వెంట రావు, చచ్చాక మనతో వచ్చేది పచ్చబొట్టొక్కటేనని ఆమె అనేది. తనదని చెప్పుకోదగ్గ ఆస్తి ఏదీ లేని ఆడవాళ్లు చెప్పుకున్న మాట అది. అలాంటి సొంత గుర్తును లాజో దాచుకోవలసి వచ్చింది. ఆ క్షణంలో అది ఆమెది కాదు, సరుకు మీద వేసిన ముద్ర. ఆమె దాచుకుంటున్న దానితోనే భర్త ఆమెను పోల్చుకున్నాడు.

ఇంటికొచ్చాక సుందర్‌లాల్ ఆమెను మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఎవడతను, బాగా చూసుకున్నాడా, కొట్టేవాడు కాదు కదా. కొట్టలేదు కానీ అతనంటేనే ఎక్కువ భయమేసేదని లాజో అంటుంది. మీరు కొట్టేవారు, అయినా మీరంటే భయం ఉండేది కాదు, ఇక కొట్టరు కదా అంటుంది. ఇంకా చెప్పాలనుకుంటుంది. అతను వినడు. గడిచిందేదో గడిచిందంటాడు. అప్పట్నుంచి ఆమె దేవి. ఒకప్పుడు క్యారెట్ దుంప కోసం కూడా అతనితో పోట్లాడగలిగిన ఆమెకు ఇప్పుడు పోట్లాడే చోటు లేదు.

మా విద్యార్థిని అడిగిన 'ఇంకేం కావాలి' అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని మూడోసారి చదివినప్పుడు నాకనిపించింది. లాజోకు కావలసింది క్షమాపణ కాదు, పూజ కూడా కాదు. తనకేం జరిగిందో తన నోటితో చెబితే వినే ఒక మనిషి. ఆమె చెబితే ఏమవుతుంది? అక్కడ ఒకడు తనను కొట్టకుండా చూసుకున్నాడన్న మాట, ఇక్కడ భర్త కొట్టేవాడన్న మాట పక్కపక్కన నిలబడతాయి. శత్రువు రాక్షసుడు, మనవాడు రాముడు అన్న లెక్క తప్పుతుంది. జాతీయ అస్తిత్వానికి ఆ లెక్క కావాలి. అందుకే ఆమె తిరిగి రావడం కావాలి, ఆమె కథ అక్కర్లేదు.

దీని అవతలి కొస 1947 మార్చిలో రావల్పిండి జిల్లా థోహా ఖాల్సాలో కనిపిస్తుంది. శత్రువుల చేతికి చిక్కకూడదని దాదాపు 90 మంది సిక్కు స్త్రీలు బావిలో దూకి చనిపోయారు. ఆ తర్వాత ఏటా గురుద్వారాల్లో వాళ్లను వీరనారులుగా తలుచుకోవడాన్ని బుటాలియా వివరంగా రాసింది. ఎందరు తమంతట తాము దూకారో, ఎందరికి దూకక తప్పలేదో ఆ స్మరణ అడగదు. చచ్చిపోయినామె వీరనారి, బతికి తిరిగొచ్చినామె దేవి. ఇద్దరిలో ఎవరి మాటా రికార్డులో లేదు.

మాట ఉన్న స్త్రీ అమృతా ప్రీతమ్ 'పింజర్' (1950)లో పూరో. రెండు కుటుంబాల పాతపగకు బదులుగా రషీద్ ఆమెను ఎత్తుకుపోతాడు. పూరో కుటుంబం వాళ్లు ఒకప్పుడు రషీద్ ఇంటి ఆడపిల్లను ఎత్తుకుపోయారు, ఇది దానికి బదులు. అప్పటికి విభజన ఊసే లేదు. దేశాలు చేసే పని కుటుంబాలు ఎప్పట్నుంచో చేస్తున్నాయని అమృత మొదటి పేజీల్లోనే చెప్పేసింది. పూరో ఒక రాత్రి తప్పించుకుని పుట్టింటికి వస్తే తల్లిదండ్రులు ఇంట్లోకి రానివ్వరు. తిరిగి వెళ్లిన పూరోను రషీద్ పెళ్లి చేసుకుంటాడు, హమీదా అని పేరు పెడతాడు, ఆ పేరును ఆమె చేతి మీద పచ్చబొట్టు పొడిపిస్తాడు. లాజో పచ్చబొట్టు పుట్టింటిది, దాచుకోవాల్సి వచ్చింది. హమీదా పచ్చబొట్టు అత్తింటిది, మోయాల్సి వచ్చింది. కలల్లో పూరో, మెలకువలో హమీదా, నిజానికి రెండూ కాని ఎముకలగూడు. నవల పేరు అదే.

1947 వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఎత్తుకుపోబడిన తమ్ముడి భార్యను పూరో, రషీద్ కలిసి తప్పించి సరిహద్దు దాకా తెస్తారు. అప్పుడు తమ్ముడు అక్కను కూడా వచ్చేయమంటాడు. తండ్రి మూసేసిన తలుపును ఇప్పుడు ప్రభుత్వం తెరిచి పెట్టింది. ఒక ఆడపిల్లకు ఇంట్లో చోటు లేదన్న సమాజమే, దేశం పరువు ప్రశ్న వచ్చేసరికి వేలమందికి చోటుందంటోంది. పూరో వెళ్లదు. తిరిగి వెళ్లే ప్రతి అమ్మాయితోపాటు తానూ చేరినట్టే అనుకోమని, రషీద్ దగ్గర నిలబడిపోతుంది.

ఈ ముగింపును స్వేచ్ఛగా చేసుకున్న ఎంపికగా పొగడటానికి నాకు మనసు రాదు. ఎత్తుకొచ్చినవాడు మంచివాడుగా మారాడు కాబట్టి ఆ ఇల్లు ఇల్లయింది. అతను మారకపోతే? అమృత ఆ ప్రశ్నను తప్పించుకుందనే అనుకుంటాను. అయినా విభజన సాహిత్యంలో సరిహద్దు మీద నిలబడి 'నేను రాను' అన్న స్త్రీ పూరో. శిబిరాల్లో నిరాహారదీక్షలు చేసి, గోడలు దూకి పారిపోయి అదే మాట చెప్పిన అసలు స్త్రీలు ఎందరో ఉన్నారు. వాళ్ల మాటను ట్రిబ్యునల్ లెక్కలోకి తీసుకోలేదు, నవల తీసుకుంది. 2003లో ఈ నవలను సినిమాగా తీస్తే దానికి జాతీయ సమైక్యత విభాగంలో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. దేశానికి తిరిగి రానన్న స్త్రీ కథ సమైక్యత కథ ఎలా అయిందని అప్పట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. స్త్రీ 'కాదు' అన్నా దాన్ని తనకు అనుకూలమైన 'అవును'గా చదువుకునే శక్తి ఈ గుర్తింపుకు ఉంది.

జ్యోతిర్మయీ దేవి బెంగాలీ నవల 'ఏపార్ గంగా, ఓపార్ గంగా' పుస్తకంగా 1968లో వచ్చింది. ఇందులో మచ్చ లేదు, పచ్చబొట్టు లేదు. 1946 నౌఖాలీ అల్లర్లలో సుతారా అనే అమ్మాయి స్పృహ తప్పి పడిపోతుంది. ఆమెకేం జరిగిందో నవల ఎక్కడా చెప్పదు. పక్కింటి ముస్లిం కుటుంబం ఆమెను నెలల తరబడి కాపాడి కలకత్తాలో అన్న దగ్గరికి చేరుస్తుంది. అక్కడ మాత్రం అందరికీ ఆమెకేం జరిగిందో 'తెలుసు'. నీళ్లకుండ ముట్టుకోకూడదు, వంటింట్లోకి రాకూడదు, పెళ్లిలో అందరితో కూర్చుని తినకూడదు. చివరికి హాస్టలుకు పంపుతారు. చదువుకుని ఢిల్లీలో చరిత్ర లెక్చరరవుతుంది. అసలైన స్త్రీపర్వాన్ని ఏ చరిత్రకారుడూ రాయలేదన్నది ఈ రచయిత్రి ఫిర్యాదు. మన తిక్కన తెలుగు చేసిన స్త్రీపర్వంలో కూడా ఏడ్చేది చనిపోయిన మగవాళ్ల కోసమే. చెరపబడిన ఆడవాళ్ల కోసం ఏడ్చే పర్వం లేదు.

నేనూ లెక్చరర్‌నే కాబట్టి కావచ్చు, సుతారా నాకు దగ్గరగా తోస్తుంది. పరాయివాళ్ల ఇంట్లో దొరికిన భద్రత స్వంత దేశంలో, స్వంత ఇంట్లో ఆమెకు దొరకలేదు. 'భద్రం' అన్న మాటను మనం దేనికి వాడతామో చూడండి. బీరువాలో నగలకు, ఊరెళ్లే ఆడపిల్లకు. నగ భద్రంగా ఉండటం యజమాని కోసం. ఆడపిల్ల భద్రంగా ఉండటం ఎవరి కోసమన్నది సుతారా నవల అంతా అడుగుతూ ఉంటుంది.

ఇదంతా పంజాబ్, బెంగాల్ కథ, దక్షిణాన ఉన్న మనకు దూరమని అనుకునే వీల్లేదు. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానంలో జరిగిన హింస మీద పండిట్ సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. బేడీ నాయకుడి పేరే కావడం కేవలం యాదృచ్ఛికం. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని, స్త్రీల అపహరణలు, అత్యాచారాలు జరిగాయని అందులో ఉంది. ఎక్కువ నష్టం మరాఠీ, కన్నడ జిల్లాల్లో జరిగింది. ఆ నివేదిక 2013 దాకా మామూలు పాఠకులకు అందుబాటులోకి రాలేదు. మరోవైపు రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన అత్యాచారాలు తెలంగాణ స్త్రీల జ్ఞాపకాల్లో ఉన్నాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' సాయుధపోరాట స్త్రీల మాటలను వాళ్ల నోటితోనే వినిపించింది. ఏటా సెప్టెంబర్ 17న ఆ రోజును విమోచనం అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా, సమైక్యత అనాలా అని గట్టిగా కొట్లాడుకుంటాం. ఏ పేరు గెలిచినా ఒక వైపు స్త్రీల గాయం సాక్ష్యమవుతుంది, మరో వైపు స్త్రీల గాయం మరుగున పడుతుంది. రెంటినీ ఒకే పుటలో రాయడానికి మనకు ఇంకా చెయ్యి రావడం లేదు.

ఖాదర్ మొహియుద్దీన్ 1991లో తన దీర్ఘకవితకు 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టారు. తాను చేయని నేరాన్ని పుట్టుకతోనే ఒంటి మీద మోయవలసి రావడం గురించిన కవిత అది. దేశద్రోహి అన్న అనుమానం ముస్లిం పురుషుడి ఒంటి మీద మచ్చయితే, ముస్లిం స్త్రీ ఒంటి మీద అది ఒక్కటే మచ్చ కాదని షాజహానా లాంటి కవయిత్రులు ఆ తర్వాత రాశారు. దేశం అడిగే ప్రశ్న ఒకటి, ఇల్లు అడిగే ప్రశ్న ఒకటి.

ఆనవాళ్ల వెతుకులాట ఆగిపోలేదు, కాగితాల మీదికి మారింది. అస్సాంలో 2019 ఆగస్టు 31న ప్రకటించిన పౌర జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. ఆ జాబితాలో చేరడానికి స్త్రీ తన తండ్రితో బంధాన్ని కాగితంతో రుజువు చేసుకోవాలి. భర్త కాగితం పనికిరాదు. బడికి పోకుండా చిన్నప్పుడే పెళ్లయి వేరే ఊరు పోయినామెకు పుట్టినరోజు కాగితం ఉండదు, సర్టిఫికెట్ ఉండదు, పుట్టింటి ఓటరు జాబితాలో పేరు ఉండదు. పంచాయతీ కార్యదర్శి రాసిచ్చే పత్రం చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెళ్లయితే ఆడపిల్ల 'ఆడ' పిల్లేనని మనం ముద్దుగా అంటాం. అక్కడా ఇక్కడా కాకుండా పోవడం ఎలా ఉంటుందో ఆ స్త్రీలకు తెలిసింది.

మళ్లీ మా తరగతికి వస్తాను. ప్రశ్న అడిగిన అమ్మాయి రెండు వారాల తర్వాత స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, ఎవరూ లేరని చూసుకుని కూర్చుంది. వివరాలు ఇక్కడ రాయను. వాళ్లక్క వేరే మతం అబ్బాయిని పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. మేజరే. నాన్న కేసు పెడితే పోలీసులు తెచ్చి అప్పగించారు. ఊళ్లో పెద్దవాళ్లు కూడా కలగజేసుకున్నారు, అది ఇంటి సంగతి కాదు మనందరి సంగతి అన్నారు.

"ఇప్పుడెలా ఉంది?" అనడిగాను.

"అందరూ బాగానే చూసుకుంటున్నారు మేడమ్. నాన్నయితే ఇదివరకటి కన్నా బాగా చూసుకుంటున్నాడు. కసరడం కూడా మానేశాడు. ఎవరూ ఏమీ అడగరు." కాసేపాగి, "నేను కూడా అడగలేదు మేడమ్," అంది.

సుందర్‌లాల్ తప్పేముందని ఆ అమ్మాయి అడిగింది తండ్రి తరఫున కాదని, తన తరఫున అని నాకప్పుడు అర్థమైంది. నేను పితృస్వామ్యం గురించి పాఠం చెప్పాను. ఆమె తనను తాను అడుగుతోంది.

"ఇంటికెళ్లి అడుగు. ఏం చెప్పినా మధ్యలో ఆపకుండా విను," అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు. పరిశోధకురాలిగా ఈ వ్యాసంలో నేను చెప్పగలిగిందీ అంతకంటే ఎక్కువ కాదు. ఈ కథలను దేశం ముక్కలైన విషాదంగా, మతసామరస్య పాఠంగా చాలాకాలం చదివాం. వాటిని తిరిగొచ్చిన స్త్రీ నోరు తెరవబోయి ఆగిపోయిన చోట మొదలుపెట్టి చదవాలి. ఆమెను ఎక్కడ ఉంచితే దేశానికి భద్రత అన్నది ఇన్నాళ్లూ అడిగిన ప్రశ్న. ఎక్కడ ఉండాలనుకుంటున్నావన్నది ఆమెను అడగవలసిన ప్రశ్న.

ఈ ఏడు మా ఇంట్లో ఒకమ్మాయి పదో తరగతి. మొన్న ఫారం తెచ్చి, "పిన్నీ, పుట్టుమచ్చలు వెతుకు," అంది. వెతికాను. మెడ మీద ఒకటి, ఎడమ చేతి మీద ఒకటి. భుజం మీద ఇంకొకటి ఉంది. అది రాయనా అనడిగాను.

"వద్దు, అది నాది," అంది.